నాలుగో ఫిల్ము

ఆసుపత్రి క్వార్టర్సు, మెట్ల కింది గది
జనవరి 9

బాబాయికి,

ముందు కడుపారా నవ్వుకో. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

పోయిన వారం పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె దగ్గుతో వచ్చింది. కుట్టుమిషను మీద పనిచేస్తుంది. ఫిల్ము తీయించాను. కుడి ఊపిరితిత్తి పైకొన మీద తెల్లగా, మెలికలు తిరిగిన నీడ. ఇంకేం, క్షయ అని తేల్చేశాను. ఆరు నెలల మందులు రాసి, వాళ్ళమ్మను కూర్చోబెట్టి ధైర్యం కూడా చెప్పాను. ఆవిడ ఏడుస్తూనే ఉంది. మందులిచ్చే నర్సమ్మ చీటీ చూసింది, ఫిల్ము చూసింది, పిల్లను చూసింది. "డాక్టరుగారూ, ఇది జడండీ" అంది.

జడే బాబాయ్. తలస్నానం చేసి, తడిజుట్టు బిగించి అల్లి, భుజం మీంచి ముందుకు వేసుకుందట. మళ్ళీ తీయిస్తే ఊపిరితిత్తి అద్దంలా ఉంది. ఆ పూట నుంచి ఆసుపత్రిలో నా పేరు జడ డాక్టరు.

ఇక్కడికి పదిహేను రోజులకోసారి వచ్చి ఫిల్ములు చదివే డాక్టరు రావడం మానేశాడు. ఇకనుంచి నువ్వే చదివి సంతకం పెట్టు అన్నారు పెద్దడాక్టరు. చదువుకునే రోజుల్లో మాకు చూపించిన ఫిల్ములు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నువ్వు ముప్ఫై ఏళ్ళుగా అదే గదిలో ఉన్నావు. "మేం తీసేవాళ్ళమే గానీ చదివేవాళ్ళం కాదమ్మా" అంటావు. కానీ మీ డాక్టర్లు రిపోర్టు రాసే ముందు నీ మొహంలోకి చూస్తారని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నాకు నేర్పు.

జడను క్షయ అనుకుంటే నవ్వులపాలవుతాం, అంతే. క్షయను జడ అనుకుని ఇంటికి పంపేస్తే? నా భయమంతా దానికే. నాన్న పోయి పదకొండేళ్ళయినా అత్తయ్య అమ్మ మొహం మీదే అంటుంది, "మొగుడు అన్ని నెలలు దగ్గుతుంటే ఒక్క ఎక్స్‌రే తీయించలేకపోయింది" అని. అమ్మా అదే నమ్ముతుంది. ఆ మాట పడే ఇల్లాలు నా వల్ల ఇంకొకతె తయారవకూడదు.

నీ
చిట్టి


ఎక్స్‌రే గది, పెద్దాసుపత్రి
జనవరి 17

డాక్టరమ్మా,

నవ్వాను. మా ఆవిడకి చదివి వినిపించి మళ్ళీ నవ్వాను. అయినా దిగులుపడకు. మా దగ్గర ఒక మహానుభావుడు చొక్కా గుండీని గడ్డ అనుకుని మనిషిని కత్తి కిందికి పంపబోయాడు. ఆయన ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్నాడు. నీకూ మంచి భవిష్యత్తుంది.

ఫోనులో అడక్కుండా ఉత్తరం రాశావు, అది మంచి పని. ఇకముందూ అలాగే రాయి. మా పనిలో ఒక మాట ఉంది: చూసింది రాయకపోతే చూసినట్టు కాదు. నోటితో అన్నమాట రేపు ఎటైనా తిప్పుకోవచ్చు. కాగితం మీది అక్షరం తిరగదు.

సరే, పాఠం. ఫిల్ము వెలుతురు పెట్టె మీద పెట్టగానే నీ కళ్ళు ఊపిరితిత్తుల మీదికి పరిగెడతాయి. పరిగెత్తనివ్వకు. విందుకి వెళ్ళినవాడు ఇంటివాళ్ళను పలకరించకుండా వంటింట్లోకి దూరినట్టుంటుంది. ముందు పేరు చూడు, ఆ మనిషిదేనా అని. తర్వాత కుడి, ఎడమ గుర్తు చూడు. మెడ కింది రెండు ఎముకల కొనలూ వెన్నెముకకు సమానమైన దూరంలో ఉన్నాయా? లేకపోతే మనిషి ఒరిగి నిలబడ్డాడని అర్థం. ఒరిగినవాడి ఫిల్ము అబద్ధాలు చెబుతుంది. పక్కటెముకలు లెక్కపెట్టు. ఊపిరి సగమే పీల్చినవాడి గుండె దున్నపోతు గుండెలా కనబడుతుంది, వాణ్ణి గుండెజబ్బువాణ్ణి చేసేయకు.

ఇవన్నీ అయ్యాక బయటినుంచి లోపలికి రా. చర్మం, ఎముకలు, కింది మూలలు, గుండె అంచులు. ఊపిరితిత్తులు ఆఖరున. కుడి ఎడమలు పక్కపక్కన పెట్టి పోల్చుకో. నల్లగా ఉన్నది గాలి, తెల్లగా ఉన్నది అడ్డం. ఉండాల్సినచోట గీత లేకపోవడం కూడా ఒక వార్తే, మరిచిపోకు.

రోజుకి పది ఫిల్ములు చూడు. పదీ ఇదే వరసలో రాయి. బాగున్నవి కూడా. బాగున్నదాన్ని వెయ్యిసార్లు చూసినవాడికే బాగాలేనిది కంటపడుతుంది.

మీ అమ్మని అడిగానని చెప్పు.

బాబాయి


ఆసుపత్రి క్వార్టర్సు
ఫిబ్రవరి 20

బాబాయ్,

మూడు వందల ఎనిమిది ఫిల్ములు. అన్నీ రాశాను. నోటుపుస్తకం నిండింది.

నిన్న బస్తాలు మోసే ఆయన వచ్చాడు. నడుం నొప్పి అన్నాడు, కాస్త ఆయాసం అన్నాడు. నీ వరసలోనే చూశాను. ఎడమ కింది మూల పదునుగా ఉండాల్సింది, గిన్నె అడుగులా గుండ్రంగా ఉంది. నీళ్ళు చేరాయి అన్నాను. పెద్దడాక్టరు నమ్మలేదు. సూది గుచ్చితే అర లీటరు వచ్చింది. నర్సమ్మ నన్ను జడ డాక్టరు అనడం మానేసింది. ఇప్పుడు కొత్త పేరేదో పెట్టారట, నాకింకా చేరలేదు.

ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళాను. అత్తయ్య వచ్చి ఉంది. బస్తాలాయన సంగతి చెప్పానో లేదో, "బయటివాళ్ళ రోగాలు కనిపెడుతున్నావు, సంతోషం. ఆ వేళ మీ అమ్మకి ఇందులో పావలా వంతు జ్ఞానం ఉంటే మా తమ్ముడు ఉండేవాడు" అంది. అమ్మ లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. ఎవరూ అడగలేదు మంచినీళ్ళు. చాలాసేపటి దాకా రాలేదు.

ఒకటి అడగనా? నాన్న పనిచేసిన చోటినుంచి నీ గదికి పది నిమిషాల నడక. సొంత తమ్ముడు మిషను దగ్గర ఉండి కూడా నాన్న ఒక్కసారైనా రాలేదా? నువ్వయినా పిలవలేదా? నిన్ను తప్పుపట్టడం కాదు. అమ్మకి చెప్పడానికి ఏదైనా ఒక మాట కావాలి. "ఆయనే మొండిగా వినలేదు వదినా" అని నువ్వంటే, ఆవిడ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

నీ
చిట్టి


ఎక్స్‌రే గది
మార్చి 14

చిట్టీ,

ఆలస్యమైంది. మిషను పాడై రెండు వారాలు నానా తంటాలు పడ్డాం.

బస్తాలాయన మూల పట్టుకున్నావంటే నువ్వు మా దారిలోకి వచ్చినట్టే. ఇక అసలు పాఠం చెబుతాను. ఇది ఏ పుస్తకం చెప్పినా మనసుకెక్కదు. ఫిల్ములో నీకేదైనా ఒకటి దొరికిన క్షణం ఉంటుంది చూడు, అదే అన్నిటికన్నా ప్రమాదమైనది. దొరికిందన్న సంతోషంలో కన్ను చతికిలబడుతుంది. అక్కడితో వెతకడం మానేస్తుంది. మనిషి ఒక జబ్బే తెచ్చుకుంటాడని ఎవరు రాసిచ్చారు? ఏదైనా కనబడితే వెంటనే రాసేసి, ఇంకా ఏమీ దొరకనివాడిలా మళ్ళీ మొదటినుంచి చూడు. ఈ ఒక్కటి నా మాటగా గుర్తుపెట్టుకో.

దొంగచోట్లు మూడున్నాయి. మెడ కింది ఎముక వెనక పైకొనలు, ఒకటి. ఊపిరితిత్తుల కింది పొర గుమ్మటంలా ఉంటుందే, దాని కిందుగా, రెండు. రక్తనాళాలు గుత్తిగా వచ్చే నడిమి చోటు, మూడు. ఇవి వదలకుండా చూస్తే చాలు.

దీనితో ఆరు ఫిల్ములు పంపుతున్నాను, పేర్లు కత్తిరించి. ఎవరివో అడక్కు. ఒక్కోదానికి ఏం కనబడిందో రాసి పంపు. పరీక్ష అనుకో.

నువ్వు ఆఖరున అడిగినదానికి, మీ నాన్న ఒకరి మాట వినే మనిషి కాదు. పోయినవాళ్ళ సంగతి ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తుంది.

బాబాయి


ఆసుపత్రి క్వార్టర్సు
మార్చి 29

బాబాయ్,

నీ పరీక్షకి జవాబులు.

ఒకటి: కుడి పైకొనలో బోలు గుంట, చుట్టూ మందపాటి గోడ. క్షయ. ఈసారి జడ కాదు, ఒట్టు.

రెండు: ఎడమ మూలలో నీళ్ళు.

మూడు: ఏమీ లేదు. నన్ను కంగారుపెట్టి ఏదో ఒకటి చెప్పించాలని పెట్టావు. పడలేదు.

ఐదు: గుండె పెద్దది. ఊపిరి బాగానే పీల్చాడు, లెక్కపెట్టాను, కాబట్టి నిజంగానే పెద్దది.

ఆరు: గుండె కుడివైపుంది. కాదు, నువ్వు గుర్తును పట్టీతో మూసి, ఫిల్ము తిరగేసి పంపావు. వెనకనుంచి వెలుతురు పెడితే గుర్తు కనబడింది. సిగ్గులేదూ, ఈ వయసులో ఈ చేష్టలేంటి?

నాలుగో దాన్ని ఆఖరికి అట్టిపెట్టాను. కుడివైపు ఏడో పక్కటెముక మీద పాత విరుపు, అతుక్కుని ముడి కట్టింది. చిన్నప్పటిది అయ్యుంటుంది. కన్ను అక్కడ ఆగిపోయింది. నువ్వన్నట్టే, రాసేసి మళ్ళీ మొదలుపెట్టాను. నీ మూడు దొంగచోట్లూ శుభ్రంగా ఉన్నాయి. అయితే ఇక్కడి బీరువాలో ఒక పాత పుస్తకం దొరికింది. అందులో నాలుగో చోటు ఉంది, గుండె వెనక. గుండె నీడలో ఇంకో నీడ దాక్కుంటుందట. నువ్వు దీన్నెలా మరిచావో! చూశాను. గుండె ఎడమవైపు కిందుగా, నిమ్మకాయంత గడ్డ, అంచు గరుకుగా. కింది పొర గీత గుండె వెనక దాకా సాగాలి కదా, మధ్యలో తెగిపోయింది.

ఈ మనిషిని వెనక్కి పిలిచారా బాబాయ్? పిలవలేదంటే అది చూసినవాడికి కళ్ళెందుకు? మూణ్ణెల్లు నేర్చుకున్న నాకే కనబడింది. కళ్ళుండీ కబోది అంటే వాడే. ఆ మనిషికి పెళ్ళాం బిడ్డలు ఉండుంటారు.

మార్కులు పంపు.

నీ
చిట్టి


ఎక్స్‌రే గది
ఏప్రిల్ 8

చిట్టీ,

ఆరూ కరెక్టు. నూటికి నూరు.

నాలుగో దాని గురించి మాత్రం అంత కఠినంగా అనకు. అది పాత ఫిల్ము. అప్పటి మిషన్లు వేరు. కడిగిన తడి ఆరకముందే చూస్తే గుండె వెనక అంతా ఒకే తెలుపులా ఉంటుంది. నీకు పుస్తకం చెప్పింది కాబట్టి చూశావు, చెప్పకపోతే చూసేదానివా? నిజం చెప్పు. మధ్యాహ్నం పూట, వెలుతురు సరిగా లేని గదిలో, పక్కన మనిషి మాట్లాడుతుంటే ఎవరికైనా తప్పిపోవచ్చు. ఇంకోసారి చూసి, అది అంత తేటగా ఉందో లేదో రాయి. తొందరేం లేదు.

నాకు ఒంట్లో అంత బాగుండటం లేదు. పాఠాలు కొన్నాళ్ళు ఆపుదాం.

బాబాయి


ఆసుపత్రి క్వార్టర్సు
ఏప్రిల్ 19

బాబాయి గారికి,

నాలుగో ఫిల్ము ఇంకోసారి చూశాను. తేటగానే ఉంది.

మీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఆరు ఫిల్ముల్లో ఒక్కదానికే మీరు వకాల్తా పుచ్చుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. అది మధ్యాహ్నమని, తడి ఆరలేదని, పక్కన మనిషి మాట్లాడుతున్నాడని మీకెలా తెలుసు? ఫిల్ములో ఇవేవీ లేవు.

ఆ తర్వాత కుడివైపు ఏడో పక్కటెముక చూశాను. చూడటం కాదు, ఫిల్ము మీద వేలు పెట్టాను. చిన్నప్పుడు నాన్న పడుకుని ఉంటే పక్కన చేరి ఆ ముడి మీదే వేలు ఆడించేదాన్ని. "ఇదేంటి నాన్నా" అంటే "అది నా స్విచ్చే, నొక్కితే లేస్తా" అనేవాడు. నొక్కితే లేచేవాడు.

నాన్న మీ దగ్గరికి వచ్చాడు. మీరు ఫిల్ము తీశారు. అవునా కాదా? ఇది ఒక్కటే రాయండి. చూసింది రాయకపోతే చూసినట్టు కాదన్నారు కదా.

చిట్టి


ఇంటి నుంచి
మే 2

చిట్టీ,

అవును.

నువ్వు నన్ను మీరు అన్నావు. దానికన్నా నాలుగు తిట్టుంటే బాగుండేది. కానీ తప్పు నాది, ఎలా పిలుస్తావో నీ ఇష్టం.

అన్నయ్య మధ్యాహ్నం వచ్చాడు. నెల రోజులుగా పొడి దగ్గు అన్నాడు. "మీ వదినకి చెప్పకురా, ఊరికే హైరానా పడుతుంది. ఆ పిల్లకి పరీక్షలు" అన్నాడు. ఆ పిల్ల నువ్వే. డాక్టరు రెండు రోజులు సెలవు. అయినా నిలబెట్టి తీశాను. రిజిస్టరులో ఎక్కించలేదు, సొంత అన్నే కదా అని. నీళ్ళు కారుతున్న ఫిల్మునే పెట్టె మీద పెట్టాను. మొట్టమొదట కంటపడింది ఆ ముడి.

అది నేను చేసిందే. నాకు ఆరేళ్ళు, అన్నయ్యకి పది. గోడ మీంచి తోశాను. మా నాన్న బెత్తం తీస్తే "నేనే పడ్డాను" అన్నాడు అన్నయ్య, ఏడుస్తూ. ఆ ముడి చూసి ఇద్దరం నవ్వాం. "నా మీద నువ్వు చేసిన సంతకంరా ఇది" అన్నాడు. నవ్వుతూనే ఫిల్ము దించేశాను. "శుభ్రంగా ఉంది అన్నయ్యా" అన్నాను. దొరికిన ముడి దగ్గరే నా కన్ను చతికిలబడింది. డాక్టరు వచ్చాక చూపించుంటే సరిపోయేది. చూపించలేదు. డాక్టర్లే నా మొహం చూసి రాస్తారన్న పొగరు నాకు. అది నువ్వూ రాశావు మొదటి ఉత్తరంలో, మెచ్చుకుంటూ.

పది నెలలకి రక్తం పడింది. అప్పుడు పాత ఫిల్ము తీసి చూశాను. ఉంది. నిమ్మకాయంత. ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చి బీరువాలో బట్టల కింద పెట్టాను. ఇంట్లో ఇల్లాలికి కూడా తెలియదు. అన్నయ్య ఆఖరి రోజుల్లో నన్ను ఏమీ అడగలేదు. ఒక్కసారే నా చెయ్యి పట్టుకుని నవ్వాడు. గోడ మీంచి పడ్డప్పుడు కాపాడినట్టే కాపాడాడనుకున్నాను. ఆ ధైర్యంతోనే నోరు మూసుకున్నాను. అన్నయ్య పోయిన వారానికే అక్కయ్య వదినని అనడం మొదలుపెట్టింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. అప్పుడు చెప్పాల్సింది. ఆ రోజు దాటాక ప్రతి రోజూ ఇంకొంచెం ఆలస్యమైపోయింది. అలా పదకొండేళ్ళు.

ఆ ఫిల్ము నీకెందుకు పంపానని అడగాలి నువ్వు. అడగకపోయినా చెబుతాను. నువ్వు చూసి "ఇందులో ఏమీ లేదు" అంటే చాలు అనుకున్నాను. నేర్చుకున్న డాక్టరు కంటికే ఆనలేదంటే నాది నేరం కాదు, దురదృష్టం అని ఇక నిద్రపోవచ్చనుకున్నాను. అందుకే గుండె వెనక చోటు నీకు చెప్పలేదు. మరిచిపోలేదు చిట్టీ. దాచాను. ముప్ఫై ఏళ్ళ పనిలో నేను కావాలని తప్పు నేర్పింది నీకొక్కదానికే.

బాబాయి


ఆసుపత్రి క్వార్టర్సు
మే 11

బాబాయి గారికి,

ఫిల్ము అప్పుడే చూసుంటే నాన్న తప్పక బతికేవాడని నేను అనను. డాక్టర్ని, అలా అనకూడదు. బతకడానికి ప్రయత్నించే పది నెలలు ఉండేవి. అవి మీరు తీసేసుకున్నారు.

కన్ను తప్పిపోయినందుకు క్షమించగలనేమో. నేనూ జడకి మందులు రాసినదాన్నే. కానీ గుండె వెనక చోటు దాచిపెట్టి నన్ను ఈ కుర్చీలో కూర్చోనిచ్చారు. ఇక్కడ రోజుకి ముప్ఫై మంది వస్తారు. ఆ పుస్తకం దొరక్కపోతే నేను ఎంతమందిని "శుభ్రంగా ఉంది" అని పంపేదాన్ని? అది తలుచుకోలేదా మీరు?

పోయిన వారం ఒక ఆవిడకి సరిగ్గా ఆ చోటే కనిపెట్టాను. చిన్నది, సమయానికి వచ్చింది, పెద్ద చోటికి పంపాను. వరసంతా మీరు నేర్పిందే. అది నాకు మింగుడు పడటం లేదు.

అమ్మకి చెప్పండి. నేను చెప్పను, మీరే చెప్పాలి. అత్తయ్యకి కూడా. అమ్మ ఇంకొక్క రోజు ఆ మాట పడటానికి వీల్లేదు. చెప్పేదాకా నాకు రాయకండి.

చిట్టి


ఇంటి నుంచి
మే 26

చిట్టీ,

చెప్పాను.

ముందు అక్కయ్యకి ఫోను చేశాను. అంతా విన్నది. తర్వాత "పోనీలేరా, చిన్నవాడివి. కావాలని చేశావా ఏంటి? మనసులో పెట్టుకుని కుమిలిపోకు, నీకసలే బీపీ" అంది. పదకొండేళ్ళు వదినని నంజుకు తిన్న మనిషి, నన్ను ఒక్క నిమిషంలో వదిలేసింది. ఫోను పెట్టేసి గోడకేసి తల కొట్టుకున్నాను.

ఆదివారం వదిన దగ్గరికి వెళ్ళాను. నీకు తెలుసుగా, అన్నయ్య పోయినప్పటినుంచీ ఆదివారం మధ్యాహ్నం నా భోజనం అక్కడే. కంచం పెట్టబోయింది. వద్దు వదినా, ముందు ఇది విను అన్నాను. నిలబడే విన్నది. ఫిల్ము నీ దగ్గరుంది కాబట్టి వేలితో గాలిలో గీసి చూపించాను, ఇక్కడ ముడి, ఇక్కడ నీడ అని.

"నాకు చెప్పొద్దన్నారా?" అంది. అవునన్నాను. హైరానా పడతావని అన్నాడన్నాను. చేతిలో కంచం పక్కన పెట్టి, "పదకొండేళ్ళు నీకు వడ్డించాను" అంది. నన్ను తిట్టడానికి కాదు, తనలో తను లెక్క చూసుకున్నట్టుగా. నేను లేచి వచ్చేశాను. తలుపు వేసిన చప్పుడు కూడా లేదు.

నువ్వు చెప్పమన్న పని చేశాను. భారం దిగుతుందని అంటారు. దిగలేదు. మీ అమ్మకయినా దిగి ఉంటే అదే చాలు. ఒకసారి వెళ్ళి చూసిరా.

బాబాయి


ఆసుపత్రి క్వార్టర్సు
జూన్ 8

బాబాయి గారికి,

వెళ్ళాను. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. నిజం చెబితే సంతోషంగానే వెళ్ళాను. అమ్మ మొహంలో పదకొండేళ్ళ బరువు దిగిపోయి ఉంటుందని, తలుపు తీయగానే అది కనబడుతుందని బస్సులో కూర్చుని అనుకున్నాను.

అమ్మ నా చేతిలో సంచీ అందుకోలేదు. "నువ్వేనా మీ బాబాయిని పంపింది?" అంది. అవును, నీ తప్పు కాదని నీకు తెలియాలి కదా అన్నాను.

అమ్మ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "నా తప్పనుకుని ఏడ్చినన్నాళ్ళూ ఆయన నావాడే. నేను సరిగా చూసుకోలేదు, ఆయన పోయారు, అంతే. అందులో మా ఇద్దరికే చోటు. ఇప్పుడేమో దగ్గొస్తే తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. నవ్వుకున్నారు. ఇంటికొచ్చి నా పక్కనే పడుకుని నాకు చెప్పలేదు. పది నెలలు చెప్పలేదు. పోయేముందు కూడా చెప్పలేదు. అంటే నేనాయనకి ఏమవుతానే? మీ అత్త మాటలు నాకు అలవాటైపోయాయి. ఇది అలవాటు కావడానికి నాకు ఇంకెన్నేళ్ళున్నాయి? నిన్నెవరు వెతకమన్నారు?"

నీ కోసమే అన్నాను. "నా కోసం కాదు. నీకు కనబడిందని" అంది.

అందులో అబద్ధం లేదు. ముడి మీద వేలు పెట్టిన రోజు నాకు ఏడుపు రావడానికి ముందు ఇంకొకటి వచ్చింది. పట్టేశాను అన్న గర్వం. మీ పొగరులాంటిదే అయ్యుంటుంది. నీడ ఎక్కడుందో చూశాను గానీ అమ్మ ఏ గోడకి ఆనుకుని ఇన్నాళ్ళు నిలబడిందో చూడలేదు. అది నేనే పడగొట్టించాను, మీ చేత.

తెల్లవారి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. మీకో కబురు చెప్పమంది. ఆదివారం భోజనానికి రమ్మంది. ఆ మధ్యాహ్నం ఆయన ఎలా వచ్చారో, ఏం చొక్కా వేసుకున్నారో, ఎంతసేపు నవ్వారో మొదటినుంచీ చెప్పాలట. తనకి తెలియని ఒక పూట ఆయనది మీ దగ్గరుందట. అది చెప్పగలిగినవాళ్ళు లోకంలో మీరొక్కరేనట. మీ మీద కోపం లేదా అని అడిగాను. "కోపం వేరు, ఇది వేరు" అంది.

నన్ను మాత్రం కొన్నాళ్ళు రావద్దంది.

కబురు చేర్చాను. వెళ్ళండి.

చిట్టి